పద్నాలుగు రోజులే ఎందుకు?

2020 మార్చిలో హాస్టల్ మూసేస్తే ఇంటికొచ్చేశాను. పద్నాలుగు రోజులు పెరటి గదిలోనే ఉండమన్నారు. గుమ్మం దగ్గర అన్నం పళ్లెం పెట్టి వెళ్తూ నాన్నమ్మ అడిగేది: "పద్నాలుగే ఎందుకురా? పది చాలవా? పోనీ, పదిహేనో రోజున వస్తే?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇక్కడికొచ్చి స్టాటిస్టిక్స్ పేపర్ చదివాక దొరికింది.

వైరస్ సోకిన దగ్గర్నుంచి మొదటి లక్షణం కనిపించేదాకా పట్టే సమయమే ఇంక్యుబేషన్ పీరియడ్. తెలుగులో పొదిగే కాలం అంటారు. ఇది ఒకరికి మూడు రోజులు కావచ్చు, ఇంకొకరికి తొమ్మిది. అందరివీ రాసుకుని సగటు తీస్తే సరిపోదా? చిక్కేమిటంటే, జ్వరం వచ్చిన రోజు గుర్తుంటుంది గానీ, వైరస్ సోకిన రోజు చాలామందికి తెలీదు.

ఒక మనిషి జనవరి 15 నుంచి 19 దాకా వుహాన్‌లో ఉన్నాడనుకుందాం. 22న జ్వరం వచ్చింది. వైరస్ అక్కడే సోకి ఉంటే, అతని పొదిగే కాలం 3 నుంచి 7 రోజుల మధ్య ఎంతైనా కావచ్చు. అంటే మన చేతిలో ఉన్నది ఒక అంకె కాదు, ఒక అవధి. దీన్నే ఇంటర్వెల్ సెన్సారింగ్ అంటారు.

ఇక్కడే మోడల్ పనికొస్తుంది. ముందు కర్వ్ ఆకారం ఎంచుకోవాలి. గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్ కుదరదు, ఎందుకంటే ఎక్కువమందికి త్వరగానే లక్షణాలు వచ్చినా, కొద్దిమందికి బాగా ఆలస్యం అవుతుంది. కుడివైపు తోక సాగాలి. చాలా అంటువ్యాధులకి లాగ్ నార్మల్ కర్వ్ సరిపోతుందని ఫిలిప్ సార్ట్‌వెల్ 1950లోనే చూపించారు. పై మనిషి విషయంలో ఆ కర్వ్ కింద 3కీ 7కీ మధ్య ఉన్న వైశాల్యం ఎంతో చూస్తాం. ప్రతి రోగికీ ఇలాగే లెక్కగట్టి, అన్నిటినీ గుణిస్తాం. ఆ లబ్ధం ఏ కర్వ్‌కి గరిష్ఠమో అదే మన అంచనా. మనం పరీక్ష కోసం బట్టీ పట్టిన మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ ఇదే!

జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులున్న బృందం ఒకటి 181 కోవిడ్ కేసులతో ఈ పని చేసి 2020 మార్చిలో ప్రచురించింది. మధ్యగతం 5.1 రోజులు. లక్షణాలు వచ్చేవాళ్లలో 97.5 శాతం మందికి 11.5 రోజుల్లోపే వచ్చేస్తాయి. పద్నాలుగు రోజుల నిబంధన అప్పటికే ఉంది. అది సబబేనా అన్నది ఈ కర్వ్ తోక చెప్పింది: 14 రోజుల తర్వాత లక్షణాలు బయటపడేది పదివేల కేసుల్లో సుమారు 101 మందికి. అదే కర్వ్‌ని పది రోజుల దగ్గర కోస్తే నూటికి ఐదుగురు దాకా మిగిలిపోతారు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పరీక్ష మొదలైన గంటకి హాలు బయట నిలబడి, వచ్చేసినవాళ్లనే అడిగితే పేపర్ గంటలో అయిపోతుందనిపిస్తుంది. మిగతావాళ్లు ఇంకా లోపల రాస్తున్నారు కదా! వ్యాధి వేగంగా పెరుగుతున్నప్పుడూ అంతే. కొత్తగా సోకినవాళ్లలో త్వరగా జబ్బుపడినవాళ్లే ముందు లెక్కలోకి వస్తారు. దీన్ని సరిచేయకపోతే పొదిగే కాలం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. తక్కువ అంచనా నమ్మి ముందే బయటికొస్తే, నష్టపోయేది నాన్నమ్మలాంటివాళ్లు.

అందుకే పద్నాలుగు అనేది వైరస్ గీసిన గీత కాదు. ఎంత ప్రమాదాన్ని ఒప్పుకుంటాం, దానికోసం ఎన్ని రోజులు మనుషుల్ని గదిలో ఉంచగలం అని మనం గీసుకున్న గీత. పైగా ఆ నూటికి ఒకరు అన్న లెక్క వైరస్ సోకి, లక్షణాలు వచ్చేవాళ్లలో మాత్రమే. లక్షణాలే రానివాళ్ల గురించి ఈ కర్వ్ ఏమీ చెప్పదు.

పదిహేనో రోజు పొద్దున్నే నాన్నమ్మ, "అయిపోయాయిగా, రారా" అని పిలిచింది. వెళ్లాను, కానీ ఇంకో రెండ్రోజులు మాస్కు తీయలేదు. అప్పుడది భయం. ఇప్పుడైతే కర్వ్‌కి తోక ఉందని చెప్పేవాణ్ణి.