ఆడ కుందేలు ఆరోగ్యం: ఎండలోనూ, వయసులోనూ జాగ్రత్త

బస్తర్‌లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరువవుతుంది. కుందేలుకు 30 డిగ్రీలు దాటితేనే ప్రమాదం. చెమట పట్టని ఈ జీవి ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారానే వదులుతుంది. కనుక రేకుల కప్పు కింద గూడు ఉంచరాదు. నీడ, గాలి, చల్లని నీరు అవసరం.

ఆడ కుందేలుకు మరో ముప్పు గర్భాశయ క్యాన్సర్. నాలుగేళ్లు దాటినవాటిలో ఇది తరచు కనిపిస్తుంది. మూత్రంలో రక్తం కనిపిస్తే జాప్యం తగదు. ఆరు నెలల వయసు ప్రాంతంలో, కుందేళ్ల చికిత్సలో అనుభవమున్న పశువైద్యునిచే గర్భాశయాన్ని, అండాశయాలను తొలగింపజేస్తే ఆ ముప్పు తప్పుతుంది.

మేతలో ఎండుగడ్డే ప్రధానం. 12 గంటలపాటు మేత ముట్టకుంటే అది అత్యవసర పరిస్థితే.

అడవి చెవులపిల్లి వేరు. దానిని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.