వార్తల్లో పదం: వాచ్ గ్రూప్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు వర్గాలు చేసింది. అమాక్సిసిలిన్ లాంటి యాక్సెస్ మందులను ముందు వాడాలి. రిజర్వ్‌వి ఆఖరి అస్త్రాలు. నడిమి వాచ్ గ్రూపులో సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ వంటివి ఉన్నాయి. వీటిని ఇష్టమొచ్చినట్టు వాడితే బ్యాక్టీరియా మొండికేస్తుంది. అందుకే ఆచితూచి రాయాలి.

మన దేశంలో జరిగేది వేరు. 2021-22లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 20 పెద్దాసుపత్రుల్లో సర్వే చేస్తే, రాసినవాటిలో 57 శాతం వాచ్ మందులే! మొత్తం రాసిన యాంటీబయాటిక్స్‌లో సగానికి పైగా చికిత్సకు కాదు, ముందుజాగ్రత్తకు ఇచ్చినవి. ఇది ఆందోళన కలిగించే అలవాటు.

భూపాలపల్లి జిల్లా చిట్యాలలోనైనా, హైదరాబాద్‌లోనైనా జ్వరం రాగానే మందుల షాపులో అజిత్రోమైసిన్ అడక్కండి. వైరల్ జ్వరానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు.