హ్యాండ్ బ్రేకు లూజైందా? కేబుల్ బిగించి ఊరుకోవద్దు!

పటాన్‌చెరు: పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో ఫ్యాక్టరీ గేట్ల ముందు, ఇస్నాపూర్, ముత్తంగి దగ్గర రోడ్డు పక్కన పొద్దస్తమానం కార్లు, ట్రాలీ ఆటోలు, డీసీఎంలు ఆగి ఉంటాయి. కొన్నిటి చక్రాల కింద రాయి కనబడుతుంది. హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేని బండ్లవి. రాయి పెట్టడం మంచిదే. అయితే తొందరలో ఒక్కరోజు మరచిపోయినా, సరుకుతో ఉన్న బండి వాలులో తనంతట తానే కదులుతుంది. వెనుక ఆడుకునే పిల్లలను అది చూడదు.

జిల్లాకు మోటారు బండ్లు కొత్త కాదు. 1980లలో జహీరాబాద్‌లోని ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీలో చిన్న లారీలు తయారయ్యాయి. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. అయినా షెడ్డుకు వచ్చిన బండిలో హ్యాండ్ బ్రేకు వంతు తరచు చివరికే పడుతుంది. బండి నడవడానికి దానితో పని లేదు గదా అన్న ధీమాయే దీనికి కారణం.

కాలి బ్రేకు ఆయిల్ ఒత్తిడితో నాలుగు చక్రాలనూ పడుతుంది. హ్యాండ్ బ్రేకు దారి వేరు. చాలా కార్లలో లివర్ లాగితే ఉక్కు కేబుల్ బిగుసుకుని, వెనుక డ్రమ్ముల్లోని షూలను డ్రమ్ముకు అదిమిపెడుతుంది. ఈ దారిలో ఎక్కడ లోపం వచ్చినా లివర్ లూజుగానే అనిపిస్తుంది. కనుక లూజు కావడం జ్వరం వంటిది. అసలు జబ్బు ఏదో వెదకాలి.

లివర్ చెప్పే గుర్తులు

లివర్ లాగేటప్పుడు టిక్కులు లెక్కపెట్టాలి. చాలా కార్లలో సుమారు 5 నుంచి 8 టిక్కుల్లో గట్టిగా పట్టాలి. సరైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతకు మించి పైకి వస్తుంటే సర్దుబాటు అవసరమని అర్థం.

లివర్‌తో పాటు కాలి బ్రేకు పెడల్ కూడా లోతుకు పోతుంటే లైనర్లు అరిగి ఉండవచ్చు. పెడల్ బాగానే ఉండి లివర్ మాత్రమే వదులైతే కేబుల్ సాగిందేమో చూడాలి. ఒక చక్రం పట్టి రెండోది పట్టకపోతే, ఆ వైపు కేబుల్ తుప్పుతో బిగుసుకుందో, లైనర్ల మీద ఆయిల్ పడిందో తేల్చుకోవాలి. లాగిన లివర్ నిలవక కిందికి జారితే దాని పళ్ళు అరిగినట్టే.

ముందు చక్రం, తర్వాత కేబుల్

చాలామంది చేసే పొరపాటు నేరుగా కేబుల్ నట్టు బిగించడం. లివర్ వెంటనే గట్టిపడుతుంది. కానీ లోపల లైనర్లు అరిగిపోయిన సంగతి కనబడకుండా పోతుంది. మరీ బిగిస్తే లివర్ దించినా షూలు డ్రమ్మును వదలవు. డ్రమ్ము కాలుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

బండిని చదునైన గట్టి నేల మీద ఆపి, ముందు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. వెనుక భాగం జాకీతో లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించి ఉండాలి.

డ్రమ్ము తీసి లైనర్లు చూడాలి. దుమ్మును నోటితో ఊదరాదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవడం మేలు. లైనర్లు అరిగినా, ఆయిల్ పీల్చుకున్నా రెండు వైపులా షూలు మార్చాలి. ఆయిల్ కారే సీలును, వీల్ సిలిండర్‌ను బాగు చేయకుండా షూలు మారిస్తే అవీ పాడవుతాయి.

షూలు బాగుంటే డ్రమ్ము బిగించి, చక్రం కాస్త రాసుకునేదాకా షూలను సర్ది, స్వేచ్ఛగా తిరిగేంత వరకు వదులు చేయాలి. తనంతట తానే సర్దుకునే రకమైతే ఆ భాగం బిగుసుకుపోలేదని చూసుకోవాలి. పెడల్‌ను కొన్నిసార్లు తొక్కాలి. ఇంకా లూజుంటేనే కేబుల్ నట్టు కొద్దికొద్దిగా బిగించాలి. చివరికి లివర్ దించితే రెండు చక్రాలూ చేతితో తిరగాలి, లాగితే రెండూ నిలవాలి.

పోగులు తెగిన కేబుల్‌ను మార్చవలసిందే. మీటతో పనిచేసే కొత్త కార్ల బ్రేకులు, లారీల గాలి బ్రేకుల జోలికి ఇంట్లో పోరాదు. అవి తెలిసిన మెకానిక్ పని.

ఆపే పద్ధతి

ముందు కాలి బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, మెల్లగా కాలు తీయాలి. బండి నిలిచిందని చూశాకే ఇంజన్ ఆపి గేరు వేయాలి. ఎగువ వైపు ముఖం ఉంటే మొదటి గేరు, దిగువ వైపు అయితే రివర్స్. గేరు తోడు మాత్రమే, బ్రేకుకు బదులు కాదు. వానాకాలంలో బండిని రోజుల తరబడి కదపకపోతే షూలు తుప్పుతో డ్రమ్ముకు అంటుకోవచ్చు. అప్పుడు చదునైన చోట గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మెలు పెడితే చాలు.

చెరువు కట్ట మీద ట్రాక్టరు ఆపే రైతులు రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి తొక్కి, కొక్కెం తగిలించి దిగాలి. పెడళ్ళు ఒకేలా పట్టకపోతే కొక్కెం ఉన్నా భద్రత లేదు.

చట్టమూ ఇదే చెబుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం, లైసెన్సున్న డ్రైవరు సీటులో లేకుండా బండిని బహిరంగ స్థలంలో నిలపాలంటే ఇంజన్ ఆపి బ్రేకు వేయాలి, లేదా అది కదలకుండా తగిన ఏర్పాటు చేయాలి. బ్రేకు లూజని తెలిసీ బండిని వాలులో వదిలి దిగితే ఆ బాధ్యత నడిపిన వారిదే.