మన్యానికి సిగ్నల్ ఎందుకు అందదు తాతయ్యా?

ఏమర్రా, ఢిల్లీ జనక్‌పురిలో మన బాల్కనీ ఎదురుగా ఆ మేడ మీద తెల్లటి పొడుగు పెట్టెలు మూడు చూశారా? అవి ఫోన్ యాంటెనాలు. ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి, మూడూ కలిసి చుట్టూ కాపు కాస్తాయి. వాటి వెనక బిగించిన లావుపాటి పెట్టె రేడియో. దాన్నుంచి వైరు దిగేది బేస్‌బ్యాండ్ పెట్టెలోకి. ఏ ఫోనుకి ఎప్పుడు ఎంత చోటివ్వాలో లెక్క కట్టేది అదే. దాని వెనక, ఊళ్లన్నిటినీ కలిపే కోర్ ఉంటుంది.

ఇక్కడ సందుకో టవరుంది. మన్యంలో పాడేరు అవతలి గూడేల్లో మాత్రం ఒక్క మాట చెప్పడానికి గుట్టెక్కినవాళ్లున్నారు. తరంగాల తేడా కొంత కారణమే. 2100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 14 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. 700ది 43, దగ్గర దగ్గర మూరెడు. పొడుగు తరంగం చెట్ల గుబుర్లు దాటి ఎక్కువ దూరం పోతుంది.

కానీ అసలు చిక్కు డబ్బు. చిన్న గూడెంలో టవరు పెడితే ఖర్చు తిరిగి రాదు. పైగా రేడియో ఏ కంపెనీదైతే బేస్‌బ్యాండూ చాలావరకు దాని దగ్గరే కొనాలి, ఆ రెండూ మాట్లాడుకునే పద్ధతి ఆ కంపెనీ గుట్టు కాబట్టి. బల్బు ఎవరిదైనా హోల్డరులో పడుతుంది, కొలత అందరికీ ఒకటే గనక. టెలికాంలోనూ అలాంటి కొలత రాయాలని 2018లో ఓ-రాన్ అలయెన్స్ అనే కంపెనీల కూటమి పుట్టింది.

ఈ చిక్కుకి దారి మన ఢిల్లీలోనే ఉందర్రా! 1984లో మొదలైన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఇంజినీర్లు పల్లెల కోసం 128 లైన్ల ఎక్స్ఛేంజి తయారుచేశారు. ఏసీ గది అక్కర్లేదు, ఎండకీ దుమ్ముకీ తట్టుకుంటుంది. 1986లో మొదటిది కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ డిజైన్‌ని ఒక్కరికే కట్టబెట్టకుండా చాలా కంపెనీలకిచ్చారు. పల్లెకి ఫోను చేరడంలో అదే పెద్ద మలుపని నా నమ్మకం. ఇవాళ బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీలో కోర్ సీ-డాట్‌దే, రేడియోలు తేజస్ కంపెనీవి, కూర్చింది టీసీఎస్. 2021 నవంబరులో కేంద్రం ఆంధ్రతో సహా అయిదు రాష్ట్రాల్లో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ మంజూరు చేసింది.

మెక్సికోలోని తాలేయా దె కాస్త్రో ఊరివాళ్లయితే కంపెనీలు రామన్నాయని ఊరుకోలేదు. 2013లో ఉచిత సాఫ్ట్‌వేరుతో, చిన్న రేడియోతో సొంత నెట్‌వర్కే పెట్టుకున్నారు. మనకి కరెంటు, టవరుని కోర్‌తో కలిపే ఫైబరు సమస్యలు ఇంకా ఉన్నాయి. అయినా ఎవరూ రాని గూడేలకి కాస్త స్పెక్ట్రమ్ (ఫోన్ తరంగాల్లో వాటా) కేటాయించి, వాళ్లనే నడుపుకోనివ్వాలి.

ఇంజినీరింగ్ చదివే పిల్లలూ, ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్, ఎస్ఆర్ఎస్‌రాన్ అనే మొబైల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, దించుకుని చూడండి. లైసెన్సు లేకుండా సిగ్నల్‌ని గాల్లోకి మాత్రం వదలకండి, కేబులుతో కలిపి ప్రయోగం చేయండి.