తెరమీద లెక్కలేదు... అసలుది పదమూడే!

మోతీనగర్: పక్కనే ఉన్న ఫిల్మ్‌నగర్ వారి సినిమాల్లో హీరో పిస్తోలుకు తూటాలు అయిపోవడం అరుదు. రీలు అయిపోవాలే గాని గుళ్లు అయిపోవు! మద్రాసు రోజుల్లో, 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ కాలం నుంచీ తెలుగు ప్రేక్షకుడికి పిస్తోలు మోజు ఉన్నదే.

మన సైనికులు, పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్న 9 ఎం.ఎం. పిస్తోలు లెక్క మాత్రం ఖచ్చితం. మ్యాగజైనులో 13. చివరిది పేలగానే పైనున్న స్లైడు వెనక్కు వెళ్లి ఆగిపోతుంది. ఇక అది వట్టి ఇనుమే. లెక్క తప్పిన వాడికి ప్రాణం మీదికి వస్తుంది.

1935లో ఇది వచ్చినప్పుడు 13 చాలా పెద్ద అంకె. అమెరికా సైన్యపు కోల్ట్ మ్యాగజైనులో 7 మాత్రమే పట్టేవి. తమాషా ఏమిటంటే రెంటికీ ఆద్యుడు జాన్ బ్రౌనింగే. ఆయన 1926లో కన్నుమూస్తే బెల్జియంలో సైవ్ అనే ఆయన పని పూర్తిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియం ఫ్యాక్టరీ జర్మన్ల వశమై వారికీ, కెనడా ఫ్యాక్టరీ మిత్రపక్షాలకూ ఇదే పిస్తోలు చేసి ఇచ్చాయి! మనకు బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసింది.

లోపం లేదా? ఉంది. మ్యాగజైను తీస్తే పేలకుండా పెట్టిన ఏర్పాటు వల్ల ట్రిగ్గరు కాస్త మొరాయిస్తుంది. అయినా చేతికి ఇమిడే ఆ పిడి ముందు ఇదెంత?

బెల్జియం కంపెనీ 2018లో తయారీ ఆపి, 2022లో కొత్త రూపంలో మళ్లీ తెచ్చింది. ఈసారి 17 తూటాలు. మన దేశంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, మామూలు పౌరుడికి లైసెన్సు దొరకదు. మోతీనగర్‌వాసికి కనబడేది పోలీసు నడుము దగ్గర, లేదా తెరమీద. ఈసారి సినిమాకు వెళ్తే లెక్కపెట్టి చూడండి.