గోధుమ లేని రొట్టెల అంగడి

ఇటలీ దేశమున ఆదివారమునాడు పెద్దలయింటికి భోజనమునకు వెళ్లువారు వట్టిచేతులతో వెళ్లరు. దారిలో మిఠాయి అంగడివద్ద ఆగి, వ్రేలెడంత మిఠాయిలను రకమున కొకటి రెండు చొప్పున ఏరి, అట్టపళ్లెములో పేర్పించి, కాగితము చుట్టించి, పైన రిబ్బను ముడి వేయించుకొని తీసికొనిపోవుట అచటి పాత ఆచారము. ఏరుట పిల్లల వంతు. "ఇది, అది, ఆ మూలనున్నది" అని గాజుపలకపై వ్రేలుపెట్టి చూపుటలోని ఆనందము తినుటలోని ఆనందమునకు తీసిపోదు.

ఆ ఆనందమునకు దూరమైన పిల్లలు కొందరున్నారు. సీలియాక్ వ్యాధి గలవారికి గోధుమ, బార్లీ, రై ధాన్యములలోని జిగురు పదార్థము, అనగా గ్లూటెన్, సరిపడదు. అది లోనికి పోయినచో శరీరపు రక్షకశక్తియే తిరుగబడి చిన్నప్రేగులోని ఆంత్రచూషకములను పాడుచేయును. తిన్నది ఒంటబట్టదు, బిడ్డ ఎదుగదు. నేటికిని దీనికి పథ్యమే చికిత్స, అదియు జీవితాంతము. రొట్టెయే అన్నమైన దేశమున పుట్టిన పిల్లకు ఈ పథ్యమెంతటి కష్టమో చెప్పనక్కరలేదు. ఏ యింటికి పోయినను, ఏ అంగడి మెట్లెక్కినను ఆమె మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "నేను తినవచ్చునా?"

రోము వంటి నగరములలో ఇట్టివారి కొరకే ప్రత్యేకముగా నడచు అంగళ్లు కలవు. తల్లిదండ్రులతోను అన్నతోను మొదటిసారి అచటికి వచ్చిన పిల్ల అలవాటుకొద్ది ఆ ప్రశ్ననే వేయును. "ఇక్కడున్నవన్నీ తినవచ్చునమ్మా, ఏది కావాలి?" అని సమాధానము వచ్చును. పిల్ల తల్లివైపు చూచును, తల్లి తలయూపును. ఇక అప్పుడు వచ్చును చిక్కు! ఏరుకొను భాగ్యమే ఎరుగని పిల్లకు ఒక్కసారిగా అన్నియు చేజిక్కినచో ఏదియు తోచదు. అన్న చెప్పబోవును; తండ్రి వారించును. వెనుక నిలిచినవారు కూడ తొందరపెట్టరు. వారిలో ననేకులు ఈ ఘట్టమును తమ యిండ్లలో చూచినవారే.

మామూలు అంగడిలోనే ఒక అర వేరుచేసిన చాలదా యన్న, చాలదు. గోధుమపిండి గాలిలో లేచును. కత్తికి, బల్లకు, చేతికి అంటుకొనును. గ్లూటెన్ లేనిదని చెప్పి అమ్ము పదార్థమున అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా నియమము. అందుచేత ఈ అంగళ్లలోనికి గోధుమపిండి అడుగే పెట్టదు. అయితే ఆ జిగురు లేనిదే రొట్టె పొంగుట కష్టము. పులియునప్పుడు పుట్టు వాయువును పట్టి నిలుపునది అదియే. బియ్యపుపిండి, మొక్కజొన్న, బంగాళాదుంపల గంజిపొడి కలిపి, నీటిలో జిగురెత్తు ఇసబ్‌గోలు పొట్టును చేర్చి, ఆ లోటు కొంత తీర్తురు. ఆ పొట్టు గుజరాతు పొలములలో విరివిగా పండు పంటయే.

ఈ పథ్యమునకు మూలము ఒక తల్లి మాట. 1930 ప్రాంతములలో హాలెండులోని హేగు నగరమున విల్లెం కారెల్ డికె అను పిల్లల వైద్యునితో, రొట్టె మానిపించినప్పుడు తన బిడ్డకు నెమ్మదించుచున్నదని ఒకామె చెప్పినదట. ఆయన ఆ మాటను త్రోసివేయలేదు. ఏండ్లతరబడి పిల్లల తిండిని, బరువును వ్రాసిపెట్టి, 1950లో ఉట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథములో గోధుమయే దోషి యని నిరూపించెను. అంతకుముందు, 1944-45 నాటి యుద్ధకాలపు కరవులో, దేశమెల్ల రొట్టెకై అలమటించుచుండగా ఈ రోగులకు మాత్రము కీడు జరుగలేదన్న సంగతియు ఆయన అభిప్రాయమునకు బలము చేకూర్చినది.

ఇడ్లీ, జొన్నరొట్టె, రాగిసంకటి గల తెలుగునాట ఈ బాధ లేదనిపించవచ్చును. కాని బజారులో దొరకు ఇంగువపొడిలో గోధుమపిండి కలియుట కద్దు. పోపులో వేయు చిటికెడు గూడ చూచుకొనవలసినదే.

ఈ రొట్టెల వెల మామూలు రొట్టెలకంటె హెచ్చు. ఇటలీ ప్రభుత్వము రోగులకు నెలనెలా కొంత మొత్తము ఇచ్చుచున్నది. బడి భోజనశాలలలో అడిగినవారికి గ్లూటెన్ లేని భోజనము పెట్టవలెనని 2005లో శాసనము చేసినది. 2023లో పిల్లలందరికి ఈ వ్యాధి పరీక్ష జరిపించుటకు మరియొక శాసనము వచ్చినది.

అమ్మమ్మ యింట భోజనమైన పిదప రిబ్బను విప్పుదురు. ఇంతకుముందు ఆ పిల్లకు వేరుగా పొట్లములో ఏదో యొకటి తెచ్చెడివారు. అన్నకు దానిపై ఆశ యుండెడిది కాదు. ఇప్పుడు పళ్లెము అందరిదియు ఒక్కటే. చివర మిగిలిన దానికై అన్నాచెల్లెండ్రు పోట్లాడుకొందురు.