మిగిలిన పింగాణి పలకలు



నల్లగొండను ఆనుకొనియున్న పానగల్లు ఒకప్పుడు కందూరి చోడుల రాజధాని. అచ్చటి పచ్చల సోమేశ్వరాలయము కడనున్న మ్యూజియమున విరిగిన విగ్రహములను, శాసన ఖండములను భద్రపరచియున్నారు. విరిగినంత మాత్రమున వస్తువు పనికిమాలినది కాదు. ఈ మాటను మన ఇంటి పెరటికి అన్వయించి చూతము.

క్రొత్త యిల్లు కట్టుకొనువారు, కోతలో విరుగునవి పోవునని, పింగాణి పలకలను, అనగా వాడుకలో టైల్సును, సాధారణముగా నూటికి పదివంతు లెక్కువగా కొందురు. గృహప్రవేశమైన పిదప ఆ మిగులు గోడవార చేరి తేళ్లకు నివాసమగును. మట్టిని మిక్కిలి వేడిలో కాల్చి చేసిన యీ పలక తిరిగి మట్టిలో కలియదు. కావున పారవేయుటకు ముందు ఆలోచింపవలెను.

మొదట ప్రతి రకములోను నాలుగైదు పలకలను, పెట్టెపై చీటితో సహా, దాచియుంచుడు. రేపు గచ్చులో నొకటి పగిలినచో అదే ఛాయ అంగడిలో దొరకుట దుర్లభము.

నిండు పలకల ఉపయోగములు తేలికైనవి. ఒకదాని అడుగున నాలుగు మూలల గోనెపట్ట ముక్కల నంటించినచో పొయ్యినుండి దింపిన గిన్నెకు పీట యగును. నీళ్లబిందెల గట్టునకు, తులసికోట చుట్టును, పొయ్యి వెనుక గోడకును పరచినచో తడిగుడ్డతో తుడిచినంతనే శుభ్రపడును. అయితే పలకను మంటపై పెట్టరాదు, పగిలి చిట్లును. నునుపు పలకను స్నానపుగదిలో పరచరాదు, వృద్ధులు జారిపడుదురు.

విరిగిన ముక్కలకును ఘనత కలదు. హైదరాబాదులో 1594 ప్రాంతమున ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడలపై రంగుపలకల ముక్కలు కూర్చి చేసిన చిత్తరువులు నేటికిని కన్నుల పండువు చేయుచున్నవి. చండీగఢములో నేక్‌చంద్ పగిలిన పింగాణి మొదలగు వ్యర్థములతో నిర్మించిన శిలోద్యానము 1976లో ప్రజలకు తెరువబడినది. మనమును ఇంటి నంబరు పలకను, పూలకుండి వెలుపలి అలంకారమును అట్లే కూర్చుకొనవచ్చును.

కాని మన మెట్టసీమ కన్నిటికంటె మేలైన ఉపయోగ మింకొకటి కలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల ఎండ 45 డిగ్రీల నంటు దినములు కలవు. పగలెల్ల కాగిన డాబా రాత్రియెల్ల ఆ వేడిని గదిలోనికి విడుచును. పసిపిల్లలకును, ముసలివారికిని నిద్ర యుండదు. తెల్లని మెరుపు పలక ఎండలో పెద్దభాగమును వెనుకకు మరలించును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలసూత్ర మిదియే. తెల్లముక్కలను డాబాపై పరచుట మేస్త్రీలకు తెలిసిన పనియే.

దాని క్రమము వినుడు. మొదట డాబా పగుళ్లను పూడ్పించుడు. పలకలను గోతాములో చుట్టి సుత్తితో కొట్టుడు. కండ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండవలెను. యంత్రముతో కోసినచో నీరు పోయుచు కోయవలెను. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. పలక వెనుక నీటిచుక్క వేసి చూడుడు. పీల్చుకొన్నచో ఆ ముక్కలను నానబెట్టి సిమెంటు పాకముపై నొక్కవచ్చును. విట్రిఫైడ్ పలక తన బరువులో నూటికి అరవంతు నీటినైనను పీల్చదు; దానికి ప్రత్యేకమైన జిగురుపాకము కావలెను. ఒకపాలు సిమెంటునకు నాలుగుపాళ్ల ఇసుక కలిపి, నూరడుగుల పొడవునకు ఒక యడుగు వాలుండునట్లు నీటిగొట్టము వైపు పరచి, సందులను తెల్ల సిమెంటుతో నింపి, వారము దినములు తడుపవలెను.

ఒక్క హెచ్చరిక. రెండు సెంటీమీటర్ల పాకమే చదరపు మీటరునకు సుమారు 40 కిలోల బరువు. పలకల బరువు దానికి అదనము. పాత కప్పైనచో ఇంజనీరు నడుగక ఈ పనికి పూనుకొనరాదు. రేకుల యింటిపై అసలే పనికిరాదు. అచ్చట తెల్లసున్నము చాలును. మరియు దుమ్ము పేరుకొన్న తెలుపు తెలుపు కాదు; వేసవిలో అప్పుడప్పుడు కడుగుచుండవలెను.

మీ మిగులు డాబా అంతటికి చాలకపోవచ్చును. ఇరుగుపొరుగు వారి పెరళ్లలోను అట్టి పలకలే పడియుండును. నలుగురు కలిపి, ముందుగా పసిబిడ్డ గాని, మంచము పట్టిన పెద్ద గాని పండుకొను గదిపై పరచుడు. సొమ్ము చాల తక్కువ. సిమెంటు, ఇసుక, కూలి మాత్రమే. ఫాల్గుణము దాటకముందే ఈ పని ముగించుకొన్నచో వైశాఖపు రాత్రులు ఆ గదిలో కొంత సుఖముగా గడచును.